తోక సంతకం

పండుమిరపకాయలకు తొడిమలు తీస్తున్న అఖిల ముందుకు ఆమె భర్త చైతన్యకృష్ణ తెల్లకాగితాలూ పెన్నూ తోశాడు. "చేతులు కడుక్కుని రా. సంతకం నేర్చుకుందువుగాని."

ఎవరి సంతకం? ఆవిడదే! విడ్డూరంగా ఉంది కదూ? ఆ ఇంట్లో ఇంతకంటే విడ్డూరాలు జరిగాయి. చైనా నుంచి టేకు చెక్కలా అచ్చు వేసిన ప్లాస్టిక్ ఫిలిం తెప్పించి, గుంటూరులో తలుపులు చేసేవాళ్లకు అమ్మే కంపెనీ అఖిల పేరు మీదే ఉంది. పేరు ఆమెది, పెత్తనం మొగుడిది. పెళ్లైన కొత్తలో బ్యాంకులో సంతకం నమూనా కార్డు మీద 'కొల్లి అఖిల' అని పుట్టింటి ఇంటిపేరుతో తెలుగులో గుండ్రంగా రాసుకుంటుంటే, కౌంటర్లో అందరూ వినేట్టు నవ్వాడు. "నీ సంతకం అయ్యేలోపు బ్యాంకు మూసేస్తారే! చీమ పాకినట్టు ఏంటది?" ఆ కార్డు చింపేసి, కొత్త కార్డు మీద తనే గీశాడు, ఇంగ్లీషులో, కింద పొడుగాటి తోక లాగి. అప్పట్నుంచీ ఆమె సంతకం ఆయనే పెడుతున్నాడు.

ఇప్పుడా తోకకే నిప్పంటుకుంది. ఆ ఫిలింను అచ్చు బొమ్మల కింద రాస్తే దిగుమతి సుంకం తక్కువ, ప్లాస్టిక్ కింద రాస్తే ఎక్కువ. ఆయన అచ్చు బొమ్మలని రాయించి, కింద ఆ తోక సంతకం గీశాడు. కస్టమ్స్ వాళ్లు ఫిలిం చుట్ట విప్పి చూసి, బొమ్మ సోకుకే గాని అసలు సరుకు ప్లాస్టిక్కేనన్నారు. తెలిసే తప్పు రాశారో, తెలియక రాశారో వచ్చి చెప్పమని యజమానురాలికి సమన్లు పంపారు.

"సంతకం నాదే, తెలియక నేనే అలా రాయించానండీ అని చెప్పు. ఆడమొహం చూసి మెత్తబడతారు," అన్నాడు.

"మెత్తబడకపోతే?"

మంచం మీద కూర్చుని దీపానికి ఒత్తులు చేసుకుంటున్న అత్తగారు పిచ్చమ్మ అందుకుంది. "లోపలేస్తే నాల్రోజులు ఉండిరా. కొంపలేం మునగవు. వాడెళ్తే యాపారం ఎవరు చూస్తారే? నువ్వెళ్తే వంటమనిషిని పెట్టుకుంటాం."

 ఇన్నేళ్లూ అఖిల తనను తాను ఇల్లాలిననుకుంది, కోడలిననుకుంది, ఆ మిరపకాయల ఘాటుకు చేతులు మండుతున్నా ఇంటిల్లిపాదీ ఏడాది పొడుగునా తినే పచ్చడి తన చేతిదేనని మురిసింది. కస్టమ్స్ వాళ్లకు ఫిలిం చుట్ట విప్పితేగాని సరుకేదో తెలియలేదు. తను వంటమనిషేనని తేల్చడానికి అత్తగారికి ఆపాటి శ్రమ కూడా అక్కర్లేకపోయింది. మొగుడు కనీసం "అదేంటమ్మా" అనైనా అంటాడేమోనని అతని వంక చూసింది. అతను కాగితం వంక చూస్తున్నాడు.

"తోక ఇంకా లాగు. ఇంకా! నీ సంతకం నీకే రాదేంటే, మొద్దూ!" అంటూ వేళ్ల కణుపుల మీద స్కేలుతో కొట్టాడు. ఎన్ని కాగితాలు ఖరాబు చేసినా తోక సరిగ్గా రాలేదు. చివరికి కాస్త దగ్గరగా వచ్చినదాన్ని చూసి, "ఇది చాల్లే. వాళ్లేమన్నా భూతద్దాలు పెట్టుకుని చూస్తారా?" అని లేచాడు.

కస్టమ్స్ ఆఫీసులో ఆయన తోడుగా పక్కనే కూర్చున్నాడు. సరుకు కాగితాలు ఎదురుగా పరిచి, అధికారి పెన్ను అందించాడు. "మీరు హాజరైనట్టు ఇక్కడ సంతకం పెట్టండమ్మా."

చైతన్యకృష్ణ తన మోకాలి మీద వేలితో తోక గీసి చూపించాడు. అఖిల చూసింది. మిరప మంట ఇంకా వేళ్లలో ఉంది. తొందరపడకుండా, గుండ్రంగా, 'కొల్లి అఖిల' అని రాసింది.

అధికారి రెండు సంతకాలూ మార్చి మార్చి చూశాడు. "ఇది మీదైతే, మరి సరుకు కాగితాల మీదున్నది ఎవరిదమ్మా?"

బల్లకింద ఆమె పాదాన్ని బూటుకాలు గట్టిగా తొక్కింది. ఆమె కాలు వెనక్కి లాక్కోలేదు.

"మావారిదండీ. ఎంత నేర్పినా నాకు ఆ తోక కుదర్లేదు. కాగితమిచ్చి చూడండి, ఆయనైతే చిటికెలో పెట్టేస్తారు."