అడ్డుకర్రలు

హిల్యా మొగుడు తౌనో రోజూ సాయంత్రం అడిగే మాట ఒక్కటే. "కర్రలు పెట్టారా?"

పొయ్యి పక్కన దుప్పటి కప్పుకుని కూర్చుని, దగ్గు కాస్త నెమ్మదించగానే అడిగేవాడు. మంచు మీద కట్టెలు లాగి తెచ్చే చక్రాల్లేని జారుబండిని రాత్రికి ఎక్కడైనా ఆపితే, దాని కింది పట్టీలకు అడ్డంగా రెండు కర్రలు వేసి వాటి మీదికి ఎక్కించి ఆపాలి. లేకపోతే రాపిడికి వేడెక్కిన పట్టీలు కింది మంచును కరిగించి, తెల్లారేసరికి దానికే అతుక్కుని బిగుసుకుపోతాయి. అమెరికాలో మిన్నెసోటా ఉత్తరాన పుట్టి పెరిగినవాళ్లకి ఇది ఒకరు చెప్పక్కర్లేదు. అయినా తౌనో అడుగుతాడు. ఇనుప గనిలో దుమ్ము మింగి ఊపిరితిత్తులు పాడుచేసుకున్న మనిషికి అడగడం తప్ప ఇంకేం పని మిగిలింది గనక!

ఆ ఏడు మంచు కురవకముందే నేల గడ్డకట్టింది. ఆ తర్వాత కురిసిన మంచు నడుములోతు. నరికి ఎండబెట్టిన మేపుల్ కట్టెలన్నీ చిత్తడినేలకి అవతల ఉన్నాయి. చిత్తడి గడ్డకడితే తప్ప దాటలేరు, కాబట్టి కట్టెలు చేరవేసేది ఎప్పుడూ చలికాలంలోనే. ఇంటి దగ్గర కొట్టంలో కట్టెలు మోకాలెత్తుకి దిగిపోయాయి. పొయ్యి ఒక్క రాత్రి ఆరితే తౌనో ఊపిరీ ఆరిపోతుందని హిల్యా భయం. అందుకే తమ్ముడు వెర్నర్‌ని పిలిపించింది. వాడొచ్చి ఎర్ర ట్రాక్టరును అటూ ఇటూ తిప్పి, మంచును అణగదొక్కి దారి చేశాడు.

మొదటి బండి నిండేసరికి పొద్దు వాలింది. మెట్ట ఎక్కేచోట దారి ఇంకా మెత్తగా ఉంది. రాత్రి చలికి గట్టిపడ్డాక పొద్దున్నే లాగొచ్చని బండిని మెట్ట కిందే వదిలారు.

"మరి కర్రలో?" అంది హిల్యా.

"ఒక్క రాత్రికి కర్రలేంటక్కా! బండికి మంచం వేసి పడుకోబెట్టాలా? దుప్పటి కూడా కప్పమంటాడేమో మా బావ!"

హిల్యాకి నవ్వొచ్చింది. ఇంట్లో పొయ్యి గుర్తొచ్చింది. ఇంకేమీ అనకుండా ట్రాక్టరు వెనక ఎక్కి నిలబడింది.

ఇంటికి రాగానే తౌనో అడగనే అడిగాడు.

"పెట్టాం బావా, పెట్టాం. దిండు కూడా పెట్టాం," అన్నాడు వెర్నర్, రొట్టె నములుతూ. హిల్యా పొయ్యివైపు తిరిగి నవ్వు దాచుకుంది.

పొద్దున బండి కదలనంది. వెర్నర్ ట్రాక్టరును ముందుకు దూకించాడు, వెనక్కి తెచ్చి మళ్లీ దూకించాడు. చక్రాలు అక్కడే గిరగిరా తిరిగి గుంట తవ్వుకున్నాయి. గొలుసు తగిలించే కింది కొక్కెం మంచులో కూరుకుపోయింది. వాడు విసుక్కుంటూ దిగి, గొలుసు విప్పి, సీటు కింద ఇరుసుకు పైన చుట్టాడు.

"పైన కట్టకు రా! తౌనో వంద సార్లు చెప్పాడు, పైన కడితే ముందు చక్రాలు లేస్తాయని."

"బావ చెప్పినవన్నీ చేస్తూ కూర్చుంటే ఈ కట్టెలు వేసవికి వస్తాయి. నువ్వు పక్కకి జరుగక్కా."

హిల్యా పక్కకి జరిగింది. ఇంజను ఒక్కసారి గర్జించింది. బండి కదల్లేదు, గొలుసు తెగలేదు, ట్రాక్టరు ముందుభాగమే లేచింది. వెర్నర్ ఇంకా నవ్వుతున్నట్టే ఉన్నాడు. అంతలోనే అది వాణ్ణి కిందేసుకుని వెల్లకిలా పడిపోయింది.

మంచు మెత్తనిది కదా, బతికే ఉంటాడనుకుంది హిల్యా. చేతులతో తవ్వింది. తవ్విన కొద్దీ ఇనుము కిందికి దిగింది. వాడి చెయ్యి దొరికింది, పట్టుకుంది. ఆ చెయ్యి తన చేతిని తిరిగి పట్టుకోలేదు.

పొరుగు ముసలాయన ఐవర్ గుర్రాన్ని తెచ్చి ట్రాక్టరును తిప్పించాడు, వెర్నర్‌ని బయటికి తీశాడు. ఆ తర్వాత ఒక బర్చ్ దుంగను పట్టీ కింద దూర్చి, రెండు వైపులా ఎత్తి కుదిపాడు. ఫట్టుమని ఒక చప్పుడొచ్చి బండి విడిపోయింది. కప్పు కాఫీ తాగేంత సేపు కూడా పట్టలేదు. హిల్యా అది చూసి అక్కడే చతికిలబడి, గుండెలు బాదుకుని ఏడ్చింది.

ఇంట్లో తౌనో అంతా విని దుప్పటి పక్కకి తోశాడు.

"పెట్టామన్నాడుగా," అన్నాడు.

"పెట్టలేదు."

"నీకు తెలుసా?"

"తెలుసు. నేనూ నవ్వాను, తౌనో. నిన్ను చూసే నవ్వాను."

అతను తిట్టలేదు. తిడితే బాగుండునని హిల్యాకి అనిపించింది.

మర్నాడు ఐవర్ తలుపు దగ్గరే నిలబడి, టోపీ చేతిలో నలుపుతూ చెప్పాడు. "చర్చి దగ్గర గొయ్యి తీద్దామంటే నేలలో గునపం దిగట్లేదమ్మా. పైన నిప్పు వేసి కరిగించాలి, రాత్రింబవళ్లు. పచ్చి కట్టె పొగే తప్ప మండదు. ఊళ్లో ఎవరి దగ్గరా ఎండు కట్టె మిగల్లేదు. వసంతం దాకా షెడ్డులో ఉంచుదామంటే, మీ ఇష్టం."

వాణ్ణి షెడ్డులో పనిముట్ల పక్కన ఉంచడమా! హిల్యా తల అడ్డంగా ఊపింది. కానీ ఎండు కట్టె ఉన్నది ఆ బండి మీదే. మిగతాది చిత్తడికి అవతల ఉంది, తెచ్చేవాడు లేడు. ఆ బండెడు కట్టెలే తౌనో ఊపిరి.

"ఆ మేపుల్ తీసుకెళ్లు," అన్నాడు తౌనో.

"మరి నువ్వు?"

"ఆవిరిస్నానం చేసే సౌనా గదిలోకి మారదాం. చిన్న గది, గుప్పెడు పుల్లలకే వేడెక్కుతుంది. మా అమ్మా నాన్నా ఈ దేశమొచ్చిన కొత్తలో దాంట్లోనే బతికారు." అంత మాట్లాడేసరికి దగ్గు కమ్ముకుంది. చేతిరుమాల్లో ఉమ్మి, అది హిల్యా కంట పడకుండా మడిచేశాడు. ఆమె చూసింది.

ట్రాక్టరు తానే నడుపుతానంది హిల్యా. గొలుసు కింది కొక్కేనికే తగిలించి, నెమ్మదిగా మెట్ట ఎక్కించి, చర్చి వెనక శ్మశానం దాకా లాగింది. ఆపబోయే ముందు దిగి, పట్టీల ముందు మంచులో రెండు కర్రలు పరిచి, బండిని వాటి మీదికి ఎక్కించింది.

"ఇప్పుడే దింపేస్తాంగా తల్లీ, కర్రలెందుకు?" అన్నాడు ఐవర్.

ఆమె కట్టెలు దింపి, పేర్చి, తనే అంటించింది. బాగా ఎండిన మేపుల్, పొగ లేకుండా మండింది. ఇంట్లో మండాల్సిన మంటను చూస్తూ చాలాసేపు నిలబడింది.

ఇంటికొచ్చేసరికి తౌనో సౌనా గదిలో బల్ల మీద పడుకుని ఉన్నాడు. ఆమె బూట్లు విప్పింది, పుల్లలు ఎగదోసింది. అతను ఏమీ అడగలేదు.

"కర్రలు పెట్టాను, తౌనో," అంది హిల్యా.

అతను గోడవైపు తిరిగాడు. దుప్పటి కింద భుజాలు అదురుతున్నాయి. ఈసారి అది దగ్గు కాదు.