వెనక్కి వాలిన అక్షరాలు

నా రాతలో తప్పులు దొర్లితే మన్నించండి. నేను అక్షరాలు దిద్దింది అరవై ఆరో ఏట. ఈ నాలుగు కాగితాలు నింపడానికి చలికాలమంతా పట్టింది. ఒక్కో మాట రాయడం, పెదవులు కదుపుతూ చదువుకోవడం, కొట్టేసి మళ్ళీ రాయడం. అయినా రాయక తప్పదు. నాకు అక్షరాలు నేర్పిన ఐడెల్లా స్పర్లాక్ ఈ సంగతి తన నోటితో ఎవరికీ చెప్పుకోదు. అడిగితే "సూప్ చల్లారిపోతోంది, తాగు" అంటుంది. అందుకని నేనే చెబుతున్నాను.

ఒహాయోలో మా కెల్లర్స్‌ఫోర్డ్ ఊళ్ళో ఐడెల్లా బడి బస్సు నడిపేది. పెళ్ళి చేసుకోలేదు. తండ్రి వెర్నల్‌తో కలిసి ఉండేది. ఏటా మార్చి నెలలో మా సంత మైదానంలోని పెద్ద షెడ్డులో పతకాల సంత జరుగుతుంది. సైనికుల పతకాలు పోగేసేవాళ్ళు నలుమూలల నుంచీ వచ్చి బల్లలు పరుస్తారు. ఓ మూల చర్చి ఆడవాళ్ళు బీన్ సూపూ మొక్కజొన్న రొట్టే అమ్ముతారు. నేను అక్షరాలు దిద్దిన ఏడే ఐడెల్లా తండ్రిని వెంటబెట్టుకుని అక్కడికి వెళ్ళింది. మా ఊరి చరిత్ర మందిరంలో గాయపడ్డ సైనికుల పతకాలకి కొత్తగా ఒక గది కేటాయించారు. అందులో, రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడ్డందుకు నాన్నకి ఇచ్చిన పర్పుల్ హార్ట్ పతకం కూడా ఉండాలని ఆమె కోరిక.

ఆ గదిలో ఏది పెట్టాలో ఏది పెట్టకూడదో తేల్చేది థర్మన్ గాసెట్. రైల్వేలో సిగ్నళ్ళు చూసి రిటైరైన మనిషి, నలభై ఏళ్ళుగా పతకాలే లోకం. పతకం చేతికిస్తే ముఖం చూడడు, వీపు చూస్తాడు. వెర్నల్ ఇచ్చిన ఊదారంగు గుండె పతకాన్ని కూడా బోర్లా తిప్పి భూతద్దం పెట్టాడు.

"ఇది ఎక్కడ కొన్నారు పెద్దాయనా?"

"కొనడమేమిటి? ఆసుపత్రిలో మంచం మీద ఉంటే కల్నల్ వచ్చి దిండుకి గుచ్చాడు."

"గుచ్చి ఉండొచ్చు. పేరు మాత్రం ఆయన చెక్కలేదు." గాసెట్ ఐడెల్లా వైపు తిరిగాడు. "చూడమ్మాయ్, ఆ యుద్ధంలో చనిపోయినవాళ్ళ పతకాల మీద సర్కారే మరతో పేర్లు చెక్కించేది. గాయపడి బతికినవాళ్ళకి ఉత్త పతకమే ఇచ్చేవారు. ఆ ఉత్తవి కొని, నోటికొచ్చిన పేరు చెక్కి, అమ్ముకున్న దొంగలు కోకొల్లలు."

కోటు జేబులోంచి చిన్న తోలు సంచీ తీశాడు. అందులో ఇంకో పర్పుల్ హార్ట్. "ఇరవై ఏళ్ళ కిందట నాకు అంటగట్టిన దొంగసరుకు ఇది. కొత్తవాళ్ళకి చూపించడానికి జేబులో వేసుకు తిరుగుతాను. ఈ గాట్లు చూడు, మీ దాని మీద గాట్లు చూడు. ఒకే రకం పనిముట్టు."

పేరు చదువుదామని ఐడెల్లా వంగింది. గాసెట్ బొటనవేలు అడ్డంగా ఉంది.

"పేరుతో ఏం పని? దొంగసరుకు మీద ఎవడి పేరుంటే ఏం? గాట్లు చూడమంటున్నాను."

వెనక వరసలోంచి డ్వేన్ అనే వ్యాపారి మెడ సాచి చూశాడు. "మా ఆవిడ వంటింటి కత్తితో చెక్కినా ఇంతకంటే తిన్నగా వస్తుంది" అన్నాడు. నలుగురు నవ్వారు.

వెర్నల్ పతకం తీసుకుని జేబులో వేసుకున్నాడు. "పద, సూప్ తాగి పోదాం" అన్నాడు. సగం తాగి గిన్నె పక్కన పెట్టేశాడు.

మాట షెడ్డు దాటడానికి ఎంతసేపు? వెర్నల్ దొంగ పతకం పెట్టుకు తిరుగుతున్నాడని వారం తిరక్కుండా మంగలి షాపులో చెప్పుకున్నారు. ఏటా మే నెలలో సైనికుల స్మారక దినం ఊరేగింపుకి ముందువరసలో, పతకం గుండెకి పెట్టుకుని నిలబడే మనిషి, ఆ ఏడు ఇనుప సామాన్ల కొట్టు గోడ వారగా ఉత్త చొక్కాతో నిలబడ్డాడు.

"ముందుకి రా నాన్నా."

"ఇక్కడ నీడుంది."

పతకం చేపల గాలాల పెట్టెలోకి చేరింది. ఆయనకి డెబ్బై తొమ్మిదేళ్ళు. ఇంకెన్ని ఊరేగింపులు చూస్తాడు? వాటిలో ఒక్కదానికైనా ఆ పతకం పెట్టుకుని ముందువరసకి రావాలి. ఐడెల్లాకి కావలసింది అంతే.

మొదట సెయింట్ లూయిస్‌లో సైనికుల కాగితాలు దాచే ఆఫీసుకి ఉత్తరం రాసింది. డెబ్బై మూడులో జరిగిన పెద్ద అగ్నిప్రమాదంలో ఆయన కాగితాలు కాలిపోయాయని జవాబొచ్చింది. చాలామంది అక్కడితో ఆగిపోతారు. పతకాల మనుషుల్ని నలుగుర్ని అడిగితే, పటాలాల రోజువారీ పట్టీలు వేరే ఉన్నాయని, అవి కాలలేదని తెలిసింది. ఎవరు ఉన్నారో, ఎవరు గాయపడ్డారో ప్రతి ఉదయం రాసిపెట్టేవాళ్ళట. వేసవి సెలవుల్లో కారు వేసుకుని సెయింట్ లూయిస్ వెళ్ళి, నాలుగు రోజులు ఆ పట్టీల ఫొటోలున్న ఫిల్ము రీళ్ళ ముందు కూర్చుంది. నాలుగో రోజు మధ్యాహ్నం దొరికింది. నవంబరు ఇరవై తొమ్మిది, పంతొమ్మిది వందల నలభై నాలుగు. స్పర్లాక్, ప్రైవేట్ సిపాయి, గాయం, ఆసుపత్రికి.

ఆ నకలు తీసుకెళ్ళి గాసెట్ ముందు పెట్టింది. ఆయన రెండుసార్లు చదివాడు.

"గాయం నిజమే. ఒప్పుకుంటాను, నలుగురితో చెబుతాను కూడా. కానీ ఆ పతకం మీద పేరు ఎవరు చెక్కారు? అది తేలకుండా నా గదిలో పెట్టను."

ఇంటికొచ్చి చెబితే వెర్నల్ తల కూడా ఎత్తలేదు. "కందకు లేని దురద నీకెందుకే? వదిలెయ్" అన్నాడు.

ఐడెల్లా గురువారాలు సాయంత్రం గ్రంథాలయంలో చదువురానివాళ్ళకి అక్షరాలు నేర్పేది. ఆ శరదృతువులో ఒక విధవరాలు కొత్తగా చేరింది. ఆ విధవరాలిని నేనే. నాది ఎడమచేతి వాటం. మొదటిసారి నా పేరు నేనే రాసి ఆమె ముందుకి తోశాను. అక్షరాలన్నీ ఎదురుగాలికి తూలినట్టు వెనక్కి వాలిపోయాయి. ఐడెల్లా ఆ కాగితం కేసి చాలాసేపు చూసింది.

"తప్పా?" అన్నాను.

"తప్పు కాదు. నేర్చుకునే చెయ్యి అంతే. ఇది నేను తీసుకెళ్ళనా?"

స్వెట్టర్ కుర్చీ మీదే వదిలేసి వెళ్ళిపోయింది.

ఇంటికి వెళ్ళేసరికి వెర్నల్ బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు. ఆమె గాలాల పెట్టె తెరిచి, పతకం తీసి, నా కాగితం పక్కన బోర్లా పెట్టింది. ఇక్కడా అక్షరాలు వెనక్కే వాలాయి.

"నాన్నా, నీ పేరు చెక్కింది ఎవరు?"

"ఇన్నాళ్ళకి అడిగావా?"

"ముందే చెప్పొచ్చుగా?"

"ఏమని చెప్పను? గాసెట్ అన్నది నిజమేగా, సర్కారు చెక్కలేదు. సర్కారు చెక్కందానికి విలువ లేదని అంత పెద్దమనిషి అన్నాక, నోరు మూసుకున్నాను." కత్తి పక్కన పెట్టాడు. "ఇంగ్లండు ఆసుపత్రిలో పక్క మంచం వాడు చెక్కాడు. వెండెల్ ఓక్స్, ఇండియానా వాడు. కొట్ల మీద బోర్డులు రాసేవాడు. కుడిచెయ్యి మణికట్టు దాకా పోయింది. ఎడమచేత్తో అలవాటు చేసుకోమన్నాడు డాక్టరు. వాడేం చేశాడూ, పళ్ళ డాక్టరు దగ్గర పళ్ళు తొలిచే పాత మర ఒకటి అడిగి తెచ్చుకున్నాడు. వార్డులో ఎవడికి పతకమొచ్చినా 'ఇటు పారెయ్యరా, పేరు రాసిపెడతా' అనేవాడు. నాది రెండోది. మొదటిది చూస్తే కోడి కెలికినట్టుండేది, పాపం."

"మరి ఆయనది?"

"అందరివీ అయ్యాక, చెయ్యి తిన్నగా కుదిరాక రాసుకుంటానన్నాడు. నన్ను ముందే ఇంటికి ఓడెక్కించేశారు. రాసుకున్నాడో లేదో తెలీదు."

ఆ తర్వాత రెండేళ్ళు ఐడెల్లా ఏ ఊళ్ళో పతకాల సంత జరిగినా వెళ్ళింది. అద్దాల పెట్టెల జోలికి పోలేదు. ప్రతి వ్యాపారి బల్ల కిందా ఒక తుక్కు పెట్టె ఉంటుంది. రిబ్బను చిరిగినవీ, పిన్ను విరిగినవీ, పేరు చెడగొట్టినవీ అందులో పడేస్తారు. ఆ పెట్టెల ముందు మోకాళ్ళ మీద కూర్చుని అడిగేది, "చెడిపోయిన గుండెలేమైనా ఉన్నాయా?"

"నాదే ఉందమ్మా. మొన్ననే డాక్టరు చూశాడు" అన్నాడు డ్వేన్ ఒకసారి.

"మీది వద్దులెండి, రాయిలా ఉంటుంది" అంది ఐడెల్లా.

అలా నాలుగు దొరికాయి. ఒక్కో పేరూ పట్టుకుని మళ్ళీ సెయింట్ లూయిస్ రీళ్ళు, మళ్ళీ ఆ ఇళ్ళవాళ్ళకి ఉత్తరాలు. నలుగురూ ఆ చలికాలంలోనే గాయపడ్డారు. నలుగురినీ ఇంగ్లండులో వెర్నల్ ఉన్న ఆసుపత్రిలోనే చేర్చారు. ఒకరి చెల్లెలు అయితే అన్న అప్పట్లో రాసిన ఉత్తరమే పంపింది. "ఒంటిచేతి ఓక్స్ నా పేరు చెక్కాడు, వాడి అక్షరం రోజురోజుకీ బాగుపడుతోంది" అని అందులో ఉంది.

ఆ మొదటి సంతకి మూడేళ్ళకి, మార్చిలో మా సంతలో గాసెట్ బల్ల మీద ఐడెల్లా ఐదు పతకాలు వరసగా బోర్లా పెట్టింది. పక్కనే కాగితాల కట్ట పెట్టింది. వెనకాల వెర్నల్, బలవంతాన లాక్కొచ్చినట్టు, చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడు.

గాసెట్ భూతద్దం తీశాడు. మొదటిదాని మీద అక్షరాలు కోడి కెలుకుడే. రెండోది వెర్నల్‌ది, కాస్త నయం. మూడు, నాలుగు, ఐదు. ఒక్కోదానికీ అక్షరం నడుం నిటారు చేసుకుంటూ వచ్చింది. గాసెట్ మొదటి నుంచి చివరిదాకా చూసి, మళ్ళీ మొదటికి వచ్చాడు. చుట్టుపక్కల బల్లలవాళ్ళు బేరాలు ఆపి చేరారు.

"ఒకే చెయ్యి" అన్నాడు ఆఖరికి.

"ఒకే చెయ్యి, ఎడమది" అంది ఐడెల్లా. ఓక్స్ సంగతంతా చెప్పింది, పేరు మాత్రం చెప్పలేదు. ఉత్తరాలు చదివించాల్సి వస్తే ఆ పేరున్న చోట వేలు అడ్డం పెట్టింది.

గాసెట్ మొండిమనిషి, అంత తేలిగ్గా లొంగడు. "అందరికీ చెక్కినవాడు తనది చెక్కుకోకుండా ఉంటాడా? అదీ ఉండాలిగా. అది చూపించు, గదిలో నడిమధ్య అద్దం మీకే ఇస్తాను."

"అది అడుగుదామనే వచ్చాను గాసెట్ గారూ. మూడేళ్ళ కిందట మీ బొటనవేలి కింద ఏ పేరుందో నాకు కనిపించలేదు."

గాసెట్ చెయ్యి తోలు సంచీ దగ్గరికి వెళ్ళి ఆగింది. "దీని పేరా? దొంగసరుకు కదా అని నేనెప్పుడూ..."

"ఇంకా తియ్యకండి" అంది ఐడెల్లా. "నాన్నా, నువ్వు ముందు చెప్పు. తర్వాత ఆయన చదువుతారు."

వెర్నల్ జేబుల్లోంచి చేతులు తీశాడు. "వెండెల్ ఓక్స్" అన్నాడు.

గాసెట్ పతకం తీసి భూతద్దం కింద పెట్టాడు. ఇరవై మూడేళ్ళలో మొదటిసారి దాని మీద పేరు చదివాడు. పైకి చదవలేక ఐడెల్లా చేతికిచ్చాడు. ఆమె తండ్రికిచ్చింది. వెర్నల్ కళ్ళద్దాలు పెట్టుకోలేదు. బొటనవేలితో అక్షరాలు తడిమాడు.

"తిన్నగా రాసుకున్నాడు, దొంగవెధవ" అన్నాడు.

గాసెట్ టోపీ తీసేశాడు. బల్లల వైపు తిరిగి, రైలు వస్తోందని కేకేసే గొంతుతో అన్నాడు, "అందరూ వినండి. ఈ మనిషిని ఇరవై మూడేళ్ళు జేబులో వేసుకుని, దొంగ దొంగ అంటూ ఊరూరా చూపించాను. గాట్లు చూశాను తప్ప పేరు చదవలేదు. మోసపోయింది ఎవరి చేతిలోనో కాదు, నా భూతద్దం చేతిలోనే. వెర్నల్ స్పర్లాక్ పతకం అసలుది. ఈ ఆరూ అసలువే. ఓక్స్ పిల్లలు ఎక్కడున్నారో రేపట్నుంచి నేనే వెతుకుతాను."

ఎవరో చప్పట్లు మొదలెట్టారు. షెడ్డంతా అందుకుంది. సూప్ పోసే ఆడవాళ్ళు గరిటెలతో గిన్నెలు కొట్టారు. వెర్నల్ జనంలోకి చూసి డ్వేన్‌ని పట్టుకున్నాడు.

"ఏవయ్యా, మీ ఆవిడ చెక్కినవి తెచ్చావా? పక్కన పెట్టి చూద్దాం."

ఆ నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది. ఆ పూట వెర్నల్ రెండు గిన్నెల సూప్ తాగాడు.

మే నెల చివర స్మారక దినం. మందిరం గదిలో నడిమధ్య అద్దం కింద ఐదు పతకాలున్నాయి. ఆరోది, వెర్నల్‌ది, పెట్టాల్సిన చోటు ఆ ఒక్క రోజుకీ ఖాళీ. గాసెట్ దాన్ని స్వయంగా తెచ్చి, రోడ్డు మీద అందరూ చూస్తుండగా వెర్నల్ చొక్కాకి గుచ్చాడు.

ముందువరసలో ఎండ మాడిపోతోంది. "నాన్నా, ఇక్కడ నీడ లేదు" అంది ఐడెల్లా.

"ఎండే బాగుంది" అన్నాడు వెర్నల్. బ్యాండు మేళం మలుపు తిరిగి వస్తుంటే ఇంకో అడుగు ముందుకి వేశాడు.

ఓపల్ మెక్‌నట్
వయసు డెబ్బై నాలుగు
ఇప్పుడు ఉండేది ఒహాయోలోనే, డేటన్ దగ్గర మా చెల్లెలి ఇంట్లో