చిన్నదాని గౌను

ఆవిడ చెయ్యి వణకదని ఆ వీధిలో పేరు. పెళ్ళికి కుట్టించుకున్న కోటు చంకలో చిరిగినా, ఖరీదైన పంట్లాం మోకాలి దగ్గర కాలినా, జనం దర్జీ దుకాణానికి పరిగెత్తుకొచ్చి, కిటికీ పక్క మిషను దగ్గర కూర్చునే ఆవిడ చేతిలోనే పెట్టేవాళ్ళు. కొత్త బట్టలు కుట్టడం దుకాణం నడిపే మాస్టారి వంతు. పాతవాటిని బాగుచెయ్యడం ఆవిడ వంతు. బిగుతైతే వదులు చేస్తుంది, వదులైతే బిగిస్తుంది, పిల్లలు పొడుగు సాగితే అంచు విప్పి దించుతుంది. పెద్దకూతురు జ్వరంతో పోయాక, వచ్చిన చుట్టాలు ఇంకా ఇల్లు కదలకముందే ఆవిడ వచ్చి మిషను ముందు కూర్చుంది. ఆ రోజూ చెయ్యి వణకలేదు. మాస్టారు టీ తెప్పించాడు. ఆవిడ తాగింది. వేడిగా ఉందని మాత్రం తెలిసింది.

లోకానికేం, ఏడిస్తే "ఇంకా ఎన్నాళ్ళేడుస్తావు" అంటుంది, ఏడవకపోతే "ఏం గుండెరా బాబూ" అంటుంది. ఆవిడకి ఏ మాటా తగల్లేదు. ఇంట్లో భర్త స్నానాల గదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చేవాడు. ఆవిడ ఆ నీళ్ళ చప్పుడు వింటూ కూర తరిగేది. ఆయన ఏడుస్తున్నాడని తెలుసు. వెళ్ళి భుజం మీద చెయ్యి వెయ్యాలనీ తెలుసు. తెలియడం వరకే, కాళ్ళు కదిలేవి కావు.

చివరికి ఆవిడ అక్క పూనుకుంది.

"ఫర్నిచర్ కొట్టు మేడ మీద ధ్యానం నేర్పుతున్నారటే. బుద్ధుడు చెప్పిన పద్ధతట. మనసు కుదుటపడుతుందట. నాతో రా."

"నా మనసు కుదుటగానే ఉందక్కా."

"నా భయం అదేనే" అంది అక్క, చెప్పులు తొడుక్కుంటూ.

ఆ హాల్లోకి కింది నుంచి వార్నిష్ వాసన, కుర్చీలు ఈడ్చే చప్పుడు వచ్చేవి. నేర్పేది ఒక భిక్షుణి. గుండు, ఇటుక రంగు వస్త్రం, ఏ కాలమైనా వదలని జలుబు. అందరూ అమ్మగారూ అని పిలిచేవాళ్ళు.

"ఊపిరి లోపలికొస్తే వచ్చిందని గమనించండి. బయటికి పోతే పోయిందని గమనించండి. అంతే. దాన్ని మీరు బాగుచెయ్యక్కర్లేదు."

"ముక్కు కారుతుంటేనో?" అన్నాడు వెనక వరసలోని బస్సు డ్రైవరు.

"కారుతోందని గమనించండి. తరవాత తుడుచుకోండి" అని అమ్మగారే ముందు తుడుచుకుంది.

మిగతావాళ్ళ అవస్థ చూడాలి. ఒకరు నడుము పట్టుకునేవారు, ఒకరు దోమని వెతికేవారు, డ్రైవరు కూర్చున్న కాసేపటికే గురక పెట్టేవాడు. అక్కకయితే ఊపిరి గమనించడం మొదలుపెట్టగానే మొగుడితో పడ్డ పాత తగవులన్నీ గుర్తొచ్చి కళ్ళు జలజలా కారేవి. ఆవిడ మాత్రం కూర్చుంటే కూర్చున్నట్టే. ఊపిరి వచ్చేది, పోయేది. వాటి మధ్య ఏమీ లేదు.

ఒకరోజు అమ్మగారు అందరినీ కళ్ళు తెరవమంది. "ఈవిడని చూడండి. అంత దుఃఖం మోస్తూ కూడా ఎంత నిశ్చలంగా కూర్చుందో" అని ఆవిడని ముందు వరసలోకి రమ్మంది. దాంతో అక్క సంబరానికి పట్టపగ్గాల్లేవు. మొన్నటిదాకా అదే తన భయమన్న మనిషి, ఇప్పుడు కనిపించినవాళ్ళకల్లా మా చెల్లెలు ఎక్కడికో వెళ్ళిపోయిందని చెప్పుకుంది. ఇంటికొచ్చి, అమ్మని కదిలించకూడదని చిన్నదానికి పెద్ద పాఠం చెప్పింది. ఆవిడ కూడా పోనీలే, శాంతంటే ఇదే కాబోలు అనుకుంది. ఇంతమంది పెద్దవాళ్ళు కలిసి ఇంత చక్కగా బోల్తాపడ్డం నేనెక్కడా చూడలేదు.

చిన్నదంటే రెండోకూతురు. బడి వదలగానే దుకాణానికొచ్చి, బట్టలు కత్తిరించే బల్ల కింద గుడ్డపీలికల మీద కూర్చుని చదువుకునేది. ఒకప్పుడు దాని నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. ఇప్పుడు "అమ్మా, నా గౌను..." అని మొదలుపెట్టేది. "తరవాత" అనేది ఆవిడ. పిల్ల మళ్ళీ పుస్తకంలోకి వంగేది. కొన్నాళ్ళకి ఆ మొదలుపెట్టడమూ మానేసింది.

ఒక పొద్దున భర్త వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"చిన్నది నన్నో మాటడిగింది. అక్క బదులు నేను పోయుంటే అమ్మకి బాగుండేదా నాన్నా, అని."

ఆవిడ చేతిలో గరిట ఆగింది. ఈ మాటకి తల్లి అన్నది విలవిల్లాడాలి. ఆవిడ లోపల వెతుక్కుంది, ఎక్కడైనా ఏదైనా కదులుతుందేమోనని. ఏమీ కదల్లేదు.

"అలాంటిదేం లేదని చెప్పండి" అంది.

"నేను చెబితే ఏం లాభం? నువ్వు చెప్పాలి."

నోటితో చెప్పడం ఎంతసేపు? కానీ పిల్ల మొహంలోకి చూసి చెప్పాలి. చూసినా ఏమీ అనిపించకపోతే, అది ఆ పిల్లకి తెలిసిపోతుంది. పిల్లలకి అలాంటివి తెలిసిపోతాయి. అందుకే ఆవిడ చెప్పకుండా చెప్పులేసుకుని పనికెళ్ళిపోయింది.

ఆ వారమే అమ్మగారు మైత్రీ భావన మొదలుపెట్టింది. ముందు మీకు మీరు, తరవాత మీకు ఇష్టమైన మనిషికి, మనసులో మంచి కోరుకోండి అంది. సుఖంగా ఉండాలి, ఏ ఆపదా రాకూడదు, మనసు నెమ్మదించాలి. ఆవిడ తనకీ అక్కకీ ఆ మాటలు అప్పజెప్పింది.

"ఇప్పుడు మీకు ఇష్టమూ లేని, కోపమూ లేని మనిషిని తలుచుకోండి. రోజూ చూస్తారు, చూసి మర్చిపోతారు. పాలు పోసే మనిషి, బస్సులో టికెట్టిచ్చే మనిషి, ఎవరైనా సరే. వెతక్కండి. వచ్చిన మొహాన్ని రానివ్వండి."

ఆవిడ రానిచ్చింది. పాలు పోసే మనిషి రాలేదు. దుకాణం గుమ్మంలో పుస్తకాల సంచీతో నిలబడి చిన్నది వచ్చింది.

కళ్ళు తెరిచేసింది ఆవిడ.

అందరూ వెళ్ళేదాకా ఆగి, అమ్మగారి ముందు కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పింది. "నా కన్నకూతురమ్మగారూ. పాలవాడి చోట్లో నిలబడింది."

అమ్మగారు చేతిరుమాలు మడిచి పక్కన పెట్టింది.

"తప్పు నాది తల్లీ. నువ్వు కదలకపోతే శాంతి అనుకున్నాను. నలుగురికీ చూపించాను కూడా."

"మరి ఇదేంటి?"

"తిమ్మిరెక్కిన కాలుకి కూడా నొప్పి తెలీదు. ఆ కాలు బాగున్నట్టా?"

"నేనా పిల్లని ప్రేమించడం మర్చిపోయానా?"

"నాకు తెలీదమ్మా. తెలీనిది తెలుసని ఇంకోసారి చెప్పను. ప్రేమని మెడపట్టి లాక్కురాకు. ఊపిరిని బాగుచెయ్యొద్దన్నానే, అలాగే. ఆ పిల్లే వచ్చింది కాబట్టి ఆ పిల్ల దగ్గరే ఉండు. ఆ మాటలే అనుకో. ఏమొస్తే అది రానీ."

ఆవిడ దుకాణానికి వెళ్ళేసరికి మాస్టారు అవతల ఎవరికో కొలతలు తీస్తున్నాడు. చిన్నది బల్ల కింద ఉంది. తల్లి రావడం చూసి, దారికి అడ్డమనుకుని కాళ్ళు ముడుచుకుంది. అప్పుడు కనిపించింది గౌను. మోకాళ్ళు దాటి పైకెక్కిపోయింది. ఊళ్ళో పిల్లలందరి గౌన్లూ దించుతూ కూర్చున్న ఆవిడ, తన కళ్ళెదుట తిరిగే గౌనుని చూడలేదు. గౌను గురించి ఆ పిల్ల చెప్పాలనుకున్నది బహుశా ఇదే.

"లే. స్టూలెక్కు."

చిన్నది ఎక్కింది, ఏం తప్పు చేశానోనన్నట్టు. ఆవిడ మోకాళ్ళ మీద కూర్చుని, కత్తెర మొనతో అంచు కుట్టు విప్పింది. లోపలి మడత కిందికి జారింది. ఎండ తగలని ఆ బట్ట కొత్తదానిలా ఉంది, దాని పైన పాత మడత గీత పడి ఉంది. పిల్ల మోకాలి మీద ఎప్పుడో తగిలి మానిపోయిన గాయం మచ్చ.

"ఇదెప్పుడు?"

"చాలా రోజులైంది. బళ్ళో పడ్డాను."

"నాకు చెప్పలేదే?"

చిన్నది ఊపిరి బిగబట్టుకుని నిలబడింది.

"ఊపిరి వదులు" అంది ఆవిడ. కొలతలకి నిలబడ్డ ఎవరితోనైనా అనే మాటే.

గుండుసూదులు పెదాల మధ్య పెట్టుకుని, కొత్త అంచు మడుస్తూ స్టూలు చుట్టూ మోకాళ్ళ మీద జరిగింది. నోరు ఎలాగూ ఖాళీ లేదు, లోపలే అనుకుంది. నువ్వు సుఖంగా ఉండాలి. ఏమీ అనిపించలేదు. ఒక సూది గుచ్చింది, జరిగింది. నీకు ఏ ఆపదా రాకూడదు.

అక్కడ ఆగిపోయింది.

రాకూడదంటే, రావచ్చన్నమాట. పెద్దదానికి వచ్చింది. ఈ పిల్లకీ రావచ్చు. బళ్ళో పడొచ్చు, జ్వరంతో ఒళ్ళు కాలిపోవచ్చు, ఈ స్టూలు మీద ఇలా నిలబడ్డ పిల్ల ఒకనాటికి లేకుండా పోవచ్చు. ప్రేమ వస్తుందని ఎదురుచూసిన చోట ఆవిడకి భయం వచ్చింది. ఇన్నాళ్ళూ గుమ్మం బయట కాచుకుని ఉన్న భయం ఒక్కసారిగా లోపలికి తోసుకొచ్చింది. పెదాల మధ్య సూదులు నేల మీద రాలాయి. ఇంకో సూది ఎక్కడ గుచ్చాలో కనిపించలేదు.

"కదలకు" అంది.

చిన్నది వంగి చూసింది.

"నేను కదలట్లేదమ్మా" అంది మెల్లిగా. "నీ చెయ్యే వణుకుతోంది."