పిట్ట దొంగనిద్ర

పిట్టకు ఏడేళ్ళు. బళ్ళో ఏ విద్యా పెద్దగా అబ్బలేదు గానీ, ఇంట్లో ఒక విద్యలో మాత్రం ఆరితేరింది. అది దొంగనిద్ర. ఈ పెద్దవాళ్ళకో చాదస్తం ఉంది. పిల్లల ముందు నోరు మెదపరు. అదే పిల్లలు కళ్ళు మూసుకున్నారంటే చాలు, కడుపులో ఉన్నదంతా కక్కేస్తారు. అందుకని పిట్ట కళ్ళు మూసుకునేది. ఇంట్లో పెంచిన పిల్లి దాని అమ్మ దగ్గరికి వెళ్ళలేదనీ, పరుపు చించినందుకు ఎవరికో ఇచ్చేశారనీ అలాగే తెలిసింది. అమ్మమ్మ పెట్టిన కొత్త చొక్కాతో నాన్న తన వ్యాను అద్దాలు తుడుస్తున్నాడనీ అలాగే తెలిసింది.

అసలు నిద్ర పోయినప్పుడు మాత్రం పిట్ట గురక పెట్టేది. గురక మధ్యలో ఊపిరి ఆగేది. కాసేపటికి ఉలిక్కిపడి మళ్ళీ గాలి పీల్చుకునేది. డాక్టరు విని, ఒక రాత్రి ఆస్పత్రిలో పడుకోబెట్టి నిద్రను పరీక్ష చేయాలన్నాడు.

"తర్వాత ఏం చేస్తారు?" అని పిట్ట అడిగింది.

"ఏం లేదు, ఊరికే చూస్తారంతే" అంది అమ్మ. నాన్న నీళ్ళు నమిలాడు. పెద్దమ్మ కూతురు మాత్రం కుండ బద్దలు కొట్టినట్టు "మెడ కోస్తారు" అని చెప్పింది. అమ్మ ‘ఊరికే’ అందంటే అది ఊరికే కాదు. పిట్టకు భయం పట్టుకుంది. సంగతి తేల్చుకోవడానికి తనకు తెలిసిన దారి ఒక్కటే.

ఆస్పత్రిలో వాళ్ళకిచ్చిన గదిలో కమ్మీల మంచం, పక్కన ఒక సోఫా, పైన మూలలో చిన్న కెమెరా ఉన్నాయి. పరీక్ష చేసే అమ్మాయి పిట్ట జుట్టు పాయలు తీసి, చల్లటి జిగురు రాసి, తలనిండా వైర్లు అంటించింది. ఛాతీకో పట్టీ, పొట్టకో పట్టీ కట్టింది. ముక్కు కింద సన్నటి గొట్టం పెట్టింది.

"ఇవన్నీ ఎందుకు?" అంది పిట్ట.

"నువ్వు నిజంగా పడుకున్నావో లేదో పక్కగదిలో నాకు తెలియాలిగా."

ఈ మాట పిట్ట సరిగ్గా చెవికెక్కించుకుని ఉంటే కథ ఇక్కడే ముగిసేది. కానీ ఆమె చెవులు ఆ తర్వాతి మాట మీద ఉన్నాయి. పాప పడుకునేదాకా అమ్మా నాన్నా ఇద్దరూ ఉండచ్చట, పడుకున్నాక నాన్న బయటికి వెళ్ళాలట. అంటే మాట్లాడుకుంటే ఆ మధ్యలోనే మాట్లాడుకోవాలి.

దీపం తగ్గించారు. పిట్ట పని మొదలుపెట్టింది. ముందు ఊపిరి నెమ్మదించింది, తర్వాత నోరు కాస్త తెరుచుకుంది, ఒక కాలు ఒక్కసారి విదిల్చింది. ఆఖర్న గురక. చుట్టాలొచ్చినప్పుడల్లా నాన్న తన గురకను అనుకరించి చూపించేవాడు, చూసి నేర్చుకుంది.

"పడుకున్నట్టుంది. నే వెళ్ళనా?" అన్నాడు నాన్న.

"ఆగండి కాసేపు. ఆపరేషన్ తప్పదేమో అన్నాడు కదా డాక్టరు. దీనికెలా చెప్పడం?"

"చెప్పడమెందుకు? ఆ రోజు ఐస్‌క్రీం కొనిపెడతామని తీసుకొచ్చేద్దాం."

పిట్టకు ఒళ్ళు మండింది. గురక శ్రుతి పెంచింది.

"నాకు భయమేస్తోందండీ" అంది అమ్మ. ఆమె ఏడుస్తోంది. "మత్తిచ్చాక లేవకపోతే? ఏడాదిగా దీని ముక్కు దగ్గర వేలు పెట్టుకుని కూర్చుంటున్నా, ఊపిరి వస్తోందో లేదోనని."

ఇది మాత్రం పిట్టకు తెలియదు. అసలు నిద్రలో ఉన్నప్పటి సంగతి ఎలా తెలుస్తుంది? గురక తాళం తప్పింది.

గోడమీది స్పీకరు గరగరలాడింది. "అమ్మా, పాప ఇంకా పడుకోలేదండి. గురక బాగానే పెడుతోంది గానీ మేలుకునే పెడుతోంది."

నాన్న మంచం దగ్గరికి వచ్చాడు.

"ఎప్పట్నుంచే ఈ వేషాలు?" అన్నాడు నాన్న.

"ఎప్పట్నుంచో" అంది పిట్ట కళ్ళు తెరవకుండానే.

నాన్న తేలు కుట్టిన దొంగలా అయిపోయాడు. "అయితే ఆ చొక్కా సంగతి..."

"తెలుసు."

"అమ్మమ్మకు చెప్పావా?"

"ఇంకా లేదు."

అమ్మకు ఆ ఏడుపులోనే నవ్వొచ్చింది. పిట్ట కళ్ళు తెరిచింది. ఆ కళ్ళలో నవ్వు లేదు.

"నా మెడ కోస్తారా?"

"ఏం లేదురా, ఊరికే..." అని నాన్న మొదలెట్టాడు. అమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది.

"మెడ కోయరు. గొంతులో కండలు పెరిగి నీ ఊపిరికి అడ్డమొస్తున్నాయేమోనని ఈ పరీక్ష. అదే అయితే నోట్లోంచే తీసేస్తారు. మత్తిస్తారు కాబట్టి తీసేటప్పుడు నీకేం తెలియదు. లేచాక మాత్రం నొప్పి పుడుతుంది. చాలా రోజులుంటుంది."

పిట్ట అమ్మ ముఖం పరీక్షగా చూసింది. కళ్ళు తెరుచుకుని ఉండగా ఆ ఇంట్లో ఎవరైనా తనకు నిజం చెప్పడం ఇదే మొదలు.

"అప్పుడు నువ్వు ఏడుస్తావా?"

"ఏడుస్తాను. నువ్వు లేచేసరికి కళ్ళు తుడిచేసుకుంటాలే."

"తుడుచుకోకు" అంది పిట్ట. "నువ్వు దాక్కుని ఏడిస్తే నేను మళ్ళీ దొంగనిద్ర పోవాల్సొస్తుంది."

అమ్మ మంచం కమ్మీ మీద గడ్డం ఆనించి, కూతురి ఎదుటే ఏడ్చింది. తుడుచుకోలేదు. పిట్ట ఆ ముఖాన్ని తనివితీరా చూసి, కళ్ళు మూసుకుని, నిద్రపోయింది.