ముత్యాలు కాళ్ళ కింద నీళ్ళు

“ముత్యాలూ... నిలబడూ!”

కేక వీధి చివర ఐసు ఫ్యాక్టరీ దాకా వినబడింది. ఇంకెవరిదండీ, సీమోను మాస్టారిదే. అంతర్వేది దగ్గర పల్లె బడిలో డ్రిల్లుతో పాటు మూడో తరగతి కూడా ఆయనదే. తన గొంతంటే ఆయనకి మహా నమ్మకం.

కేక ఆగిందో లేదో, ఆయన క్లాసు పిల్ల ముత్యాలు కాళ్ళ కిందనుంచి ఉప్పునీళ్ళు ఊరడం మొదలెట్టేయి. పిల్లలు అలవాటు ప్రకారం సంచులు ఒళ్ళోకి తీసుకున్నారు. మాస్టారు ప్యాంటు మడుచుకుని ఎక్కాలు చెప్పించేరు. వంట దుర్గమ్మ గుమ్మంలోంచి తొంగిచూసి, “ఇవాళ పోటు ఎక్కువేనండీ,” అని కుచ్చిళ్ళు ఎగ్గట్టుకుని వెళ్ళిపోయింది.

నీళ్ళకెవరూ బాధపడలేదు. బాధల్లా రిజిస్టర్లు తడవడం గురించే.

“శనివారం ముత్యాలుకి టీసీ ఇచ్చేస్తానండి,” అన్నారు హెడ్మిస్ట్రెస్ సత్యవాణిగారు. “ఇంకో బడికి పంపే ఓపిక వాళ్ళ అమ్మమ్మకి లేదు. రొయ్యలు వొలిచే షెడ్డుకి తీసుకుపోతుంది. తెలుసు. కానీ ఏం చెయ్యను?”

శుక్రవారం బడి సిబ్బందికి శిక్షణ అని అమలాపురం నుంచి లావణ్య అనే అమ్మాయి వచ్చింది. దెబ్బతిన్న పసిమనసులతో ఎలా మెలగాలో చెబుతుందిట. దుర్గమ్మకి కూడా కుర్చీ వేయించి కూర్చోబెట్టింది.

“మీ పిల్లలు దేనికి భయపడతారండీ?” అనడిగింది.

“వేటకెళ్ళేవాళ్ళ పిల్లలకి భయమేంటమ్మా!” నవ్వేరు సీమోను. “అలల హోరులో పెరిగినోళ్ళు. నెమ్మదిగా అంటే చెవికెక్కదు. వినబడాలి పాపం అనే కదా నేను అరిచేది!”

“మాస్టారండీ,” అందుకుంది దుర్గమ్మ, “గోదారి సముద్రంలో కలిసే మొగలో పడవ తిరగబడిన రోజు ఒడ్డునున్నోళ్ళంతా ముత్యాలు నాన్నని పేరెట్టి పిలిచేరండీ. సాయంత్రం దాకా అరుస్తానే ఉన్నారు. ఆయన రాలేదు. ఆ పిల్ల అక్కడే నిలబడి వింది.”

సీమోను లావణ్య వైపు తిరిగి సలహా అడిగేరు. పదేళ్ళలో అదే మొదటిసారి లెండి.

“మరేం చెయ్యమంటావమ్మా?” అన్నారు.

“ఏమీ చెప్పకండి, అడక్కండి. పక్కన కూర్చోండి. ఇవాళ కూర్చున్న మనిషే రేపూ కూర్చోవాలి. అంతేనండి,” అంది లావణ్య.

శనివారం సత్యవాణిగారు టీసీ కాగితంతో క్లాసులోకి వచ్చేరు. ముత్యాలు గోడవారకి జరిగి ముడుచుకుపోయింది. నీళ్ళు మోకాలి బంటి లేచేయి. పిల్లలు బల్లలెక్కేరు.

సీమోను కేక వెయ్యలేదు. ఇస్త్రీ ప్యాంటుతోనే వెళ్ళి, ఆ పిల్ల పక్కన నీళ్ళలో చతికిలబడ్డారు.

“నేనిక్కడే ఉంటానమ్మా.”

అంత నెమ్మదైన గొంతు ఆయన ఇంటావిడ కూడా విని ఉండదు.

గంట గడిచింది. మాస్టారు కదల్లేదు. ముత్యాలు మెల్లిగా ఆయన చొక్కా అంచు పట్టుకుంది. అప్పుడు ఆటు తగిలినట్టు నీళ్ళు గుమ్మం దాటి జారిపోయేయి. గచ్చు మీద తట్టెడు కొయ్యింగ చేపలు మిలమిలా గెంతుతున్నాయి.

“ఆయ్, ఇవి పులుసుకే వచ్చేయండి!” అంటూ దుర్గమ్మ బేసిను తెచ్చింది.

సత్యవాణిగారు ఆ పిల్ల పట్టుకున్న చొక్కా అంచు చూసి, టీసీని రెండు ముక్కలు చేసి ఆ బేసిను పక్కనే పెట్టేరు. “పొయ్యి అంటించడానికి పనికొస్తుంది, తీసుకెళ్ళు.”

ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూములో ఎవరూ క్యారేజీ విప్పలేదు. వరండాలో పిల్లల మధ్యే అందరూ బాసింపట్లు వేసుకుని కూర్చున్నారు, దుర్గమ్మతో సహా. సీమోను మొదటి ముద్ద ఎత్తబోతుంటే పక్కనుంచి చిన్న గొంతు వినబడింది.

“మాస్టారండీ, ముళ్ళుంటాయి. ఉండండి, నేను తీసిపెడతాను.”