నారింజ గుడ్డ

మత్తూరులో బస్సు దిగేసరికి పునీత్‌కు నడుము విరిగినట్టుంది. సెలవు మీద సొంతూరు బాగలూరు వచ్చి వారమైనా ఒళ్లు తేరుకోలేదు. సరిహద్దు కొండల్లో నేల మీది సైన్యానికీ విమానాలకూ నడుమ రేడియోలో మాట కలపడం అతని పని. పైవాడికి కింది సంగతి తెలియదు, కిందివాడికి పై సంగతి పట్టదు. మధ్యలో నలిగేది ఇతనే.

మనవాళ్లెక్కడున్నారో పైలట్‌కు తెలియాలని ముందు వరుసలో నారింజ రంగు గుడ్డ పరుస్తారు. బాంబు దానికి అవతలే పడాలి. ఆ రోజు గుడ్డ కనిపించిందని పైలట్ అన్నాడు, వేయమని పునీత్ అన్నాడు. బాంబు ముందు వరుసలోని మన జవాను అజిత్ మీదే పడింది. పునీత్ తప్పేమీ లేదని విచారణలో తేల్చారు. తేల్చేవాళ్లకేం, నిద్ర పట్టనిది ఇతనికి కదా!

శత్రువు తూటా తగిలిందని మత్తూరులో ఉన్న అజిత్ తల్లి పిల్లమ్మకు కబురు వెళ్లింది. ఉన్నది చెప్పి పుండు మీద కారం చల్లవద్దని పునీత్ తండ్రి శ్రీరామప్ప మరీమరీ చెప్పి పంపాడు. పునీత్ కూడా ఊరికే ఆమెను చూసి వచ్చేద్దామనే బయలుదేరాడు.

పిల్లమ్మ అప్పుడే కూలి పని నుంచి వచ్చింది. చాప వేసి మజ్జిగ ఇచ్చింది. ఇంత చిక్కిపోయినావేమప్పా అని అతని గురించే అడుగుతుంటే, పాపం, అతను మజ్జిగ గ్లాసు చాప పక్కన పెట్టేశాడు.

"నా బిడ్డ ఎట్ల పోయినాడప్పా? నువ్వన్నా నిజం చెప్పు," అంది చివరికి.

దాచే ఓపిక కూడా మిగల్లేదతనికి. బతికి వచ్చినవాళ్లు తనతో చెప్పిందంతా చెప్పేశాడు. పక్కనున్న జవాను చనిపోతే అజిత్ అతణ్ణి వెనక్కి ఈడ్చుకొచ్చి బండ పక్కన పడుకోబెట్టాడు. శవాన్ని గుడ్డ కప్పకుండా వదలకూడదని మనవైపు పట్టింపాయె. ఇంకేమీ దొరక్క, పరిచిన నారింజ గుడ్డే తీసుకొచ్చి కప్పాడు. ఎవరికీ చెప్పకుండా మళ్లీ ముందుకు పోయి తన చోట కూర్చున్నాడు. గుడ్డ వెనక కనిపించేసరికి మనవాళ్లు వెనక్కి తగ్గారనుకున్నాడు పైలట్.

"వెయ్యమని చెప్పింది నేనేమ్మా," అన్నాడు పునీత్.

పిల్లమ్మ అతను వదిలేసిన మజ్జిగ గ్లాసు తీసి గోడవార పెట్టింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండుననిపించింది అతనికి.

"ఆ చచ్చినోనికి అమ్మ ఉండాదా?" అని అడిగింది.

ఉందన్నాడు. కొడుకు మీద గుడ్డ కప్పిన సంగతి ఆమెకు చెప్పారా అని అడిగింది. ఎవరూ చెప్పలేదు.

"పోయి చెప్పప్పా. బిడ్డ ఎట్ల పడుండాడో అని ఆ తల్లి ఇంకా కుమిలిపోతా ఉంటాది."