ముగ్గురూ ఉన్నారు

ఆ బళ్ళో కంప్యూటర్లు చూసుకునే ఆవిడను పిల్లలంతా కెమెరా ఆంటీ అంటారు. ఐదో తరగతిలో ఒక్క పిల్ల మాత్రం అమ్మా అంటుంది, సొంత కూతురు కాబట్టి. గురువారం పొద్దున ఆ కెమెరా ఆంటీకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎవరి మీద చూపించాలో తెలియక మౌసును బల్లకేసి కొట్టింది. పాపం, అదేం చేసింది!

బడి వాటర్ ట్యాంకు మీద గద్ద గూడు కట్టి మూడు పిల్లల్ని చేసింది. అక్కడ కెమెరా బిగించి, రోజంతా లైవ్‌లో పెట్టి, పదకొండు దేశాల బళ్ళను కలిపారు. ఒక్కో బడిదీ రోజుకో గంట కాపలా. గద్ద ఎప్పుడు తిండి తెచ్చింది, ఎవరి నోట్లో పెట్టింది, అన్నీ రిజిస్టరులో రాసుకోవాలి. గంట కాగానే మైకులో అప్పగింత. "గూడు అప్పగిస్తున్నాం. ముగ్గురూ ఉన్నారు" అని వీళ్ళనాలి. "తీసుకున్నాం. ముగ్గురూ ఉన్నారు" అని అవతలివాళ్ళనాలి. తలో భాష మాట్లాడే పిల్లలు ఈ రెండు ముక్కలూ కంఠతా పట్టేశారు. రిజిస్టరు అట్ట మీద ప్రిన్సిపాలు గారు స్వయంగా ఒక నియమం రాశారు: రాసింది కొట్టివేస్తే, ఆ తప్పుకు కారణమైనవారు పక్కన సంతకం చేయాలి. ఆయన ముత్యాల్లాంటి అక్షరాలు చూస్తే ఎవరైనా ముచ్చటపడతారు.

మూడోవాడు అందరికంటే చిన్న. వాడికి బుడ్డోడని పేరు పెట్టింది కూతురే. సోమవారం సాయంత్రానికి వాడు మెడ ఎత్తడం మానేశాడు. పెద్దవాళ్ళిద్దరూ వాడి నోటికాడ ముక్క లాగేసుకుంటున్నారు. ప్రిన్సిపాలు గారు అది చూసి మొహం చిట్లించారు.

"శుక్రవారం అన్ని దేశాల నుంచీ పెద్దవాళ్ళొస్తున్నారు. ఈలోపు ఇది చచ్చి, పిల్లలు ఏడుపులు మొదలెడితే ఏం బావుంటుందమ్మా? రేపట్నుంచి ఇవాళ్టి రికార్డింగే మళ్ళీ వెయ్యి. ఎవడికి తెలుస్తుంది?"

ఆవిడ కాదనలేదు. అనుంటే ఈ కథే లేదు. తలూపింది, వేసింది. మంగళవారం వేసింది, బుధవారమూ వేసింది.

బుధవారం అన్నాల దగ్గర కూతురు రిజిస్టరు తెరిచింది.

"అమ్మా, గద్దకి గడియారం ఉంటుందా?"

"ఏమే?"

"సోమవారం పది పద్నాలుగుకి తెచ్చింది, పది ముప్పై ఒకటికి తెచ్చింది. నిన్నా అంతే, ఇవాళా అంతే. నిమిషం కూడా తేడా లేదు. బుడ్డోడు మూడు రోజులూ మూడేసి ముక్కలు తిన్నాడు!"

"మంచిదేగా. తిను ముందు."

ఆ పొద్దున్నే, సరిగ్గా పదిన్నరకు, తన గదిలోని అసలు తెరమీద బుడ్డోడు కదలకుండా పోవడం ఆవిడ కళ్ళారా చూసింది. కింద తరగతిలో అదే సమయానికి కూతురు వాడు తిన్నాడని రాసుకుంటోంది.

అందుకే గురువారం ఆ మంట. ప్రిన్సిపాలు మీద కోపం, ఆయన ముత్యాల అక్షరాల మీద కోపం, ఊపడం తప్ప ఏమీ చేతకాని తన తల మీద అంతకు నాలుగింతలు కోపం. పదీ యాభైకి రికార్డింగు ఆపేసి, లైవ్ పెట్టి, మెట్లు దిగి తరగతిలోకి వెళ్ళి మైకు అందుకుంది.

"అందరూ వినండి. మంగళవారం నుంచీ మీరు చూసింది సోమవారం వీడియో. వేసింది నేనే. ప్రిన్సిపాల్ సార్ వెయ్యమన్నారు, నేను వేశాను. బుడ్డోడు నిన్న పదిన్నరకి చచ్చిపోయాడు."

తెరమీద రెండే తలలు. కూతురు లేచి, తల్లి మొహం కూడా చూడకుండా, ఆవిడ చేతిలోంచి మైకు లాక్కుంది. గంట పదకొండు కొట్టింది.

"గూడు అప్పగిస్తున్నాం. ఇద్దరే ఉన్నారు. మూడోవాడు నా డ్యూటీలోనే పోయాడు. వాడు ఆకలితో చస్తుంటే తిన్నాడని రాశాను."

అవతల ఎవరో పిల్ల ముక్కు ఎగబీల్చింది. "తీసుకున్నాం" అంది. "ఇద్దరున్నారు."

కూతురు స్కేలు పెట్టి మంగళవారం నుంచీ రాసిందంతా అడ్డంగా కొట్టేసింది. రిజిస్టరు తల్లి ముందుకు తోసింది.

"పెట్టు."

"తల్లీ, నేను..."

"నన్ను తల్లీ అనకు. సంతకం పెట్టు."

ఆవిడ పెట్టింది. అక్షరాలు అలుక్కుపోయినట్టు కనబడ్డాయి.

ఈలోపు ప్రిన్సిపాలు గారు రొప్పుతూ వచ్చి గుమ్మంలోంచే కేకలేశారు. "ఎవరు మార్చమన్నారు? నీకేమైనా మతిపోయిందా?"

ఆ పిల్ల రిజిస్టరు పట్టుకుని ఆయనకు ఎదురెళ్ళింది. తల్లి సంతకం కింద ఖాళీ జాగా మీద వేలు పెట్టింది.

"ఇక్కడ మీది, సార్."

ఆయన జేబులో పెన్ను ఉంది. మైకు ఇంకా ఆన్‌లోనే ఉంది. పదకొండు బళ్ళూ వింటున్నాయి.